‘అరుదైన భూమి’ కాదు, అరుదైన మన్ను

సందేహం: ఎక్స్‌రే తగిలితే వెలిగే కొత్త పొరల మీద మా విద్యార్థి ‘రేర్ ఎర్త్ హైబ్రిడ్’ అన్న మాటకు ‘అరుదైన భూమి సంకర పదార్థాలు’ అని రాశాడు. సాధువేనా? స్కింటిలేటర్‌ను (ఇలా వెలిగే పలకను) ‘మిణుగురు పలక’ అనవచ్చా?
– భౌతికశాస్త్ర అధ్యాపకుడు, కావలి

సమాధానం: ‘భూమి’ కుదరదండి. నిప్పుకు లొంగని పొడులను పాత రసాయనజ్ఞులు మన్ను (‘ఎర్త్’) అన్నారు; ఇవాళ అవే ఆక్సైడ్లు. సున్నమూ ఆ కోవలోదే. అందుకే మన పాఠ్యపుస్తకాల్లో ‘క్షారమృత్తిక లోహాలు’ అని ఉంటుంది, ‘క్షారభూమి’ అని కాదు. ఇట్టర్‌బీ (స్వీడన్) గని రాతిలో 1794లో రసాయనజ్ఞుడు గడోలిన్ కనుగొన్నదీ అలాంటి మన్నే. నిఘంటువులో మొదట కనబడిన అర్థాన్ని తెచ్చి అతికించే అలవాటు మానాలి.

ఇక ‘అరుదు’. దీన్ని మనం ‘తక్కువగా దొరికేది’ అన్న ఒక్క అర్థానికి కుదించేశాం. కావ్యభాషలో అరుదంటే ఆశ్చర్యం కూడా. ‘అరుదందు’ అంటే అబ్బురపడటం. ‘అరుదుగ చూచె’ అంటే ఎప్పుడో ఒకసారి చూశాడని కాదు, వింతగా చూశాడని. తిక్కన భారతం నెల్లూరివారి ఇంటి సొత్తు. అది చదివేటప్పుడైనా ఈ తేడా పట్టించుకోకపోతే ఎలా? తమిళంలో ‘అరు’ అంటే దుర్లభం, అమూల్యం. ‘అరుమై’ అందులోంచి వచ్చిందే. దొరకనిది విలువైనది, విలువైనది కంటబడితే వింత. అర్థం అలా మెట్టు మెట్టుగా నడిచింది. ‘అరుదెంచు’ (విచ్చేయు) వేరే మాట, దీనికి ముడిపెట్టవద్దు.

ఈ మన్నులకు ఆ పాత అర్థమే నప్పుతుంది. వీటి లోహాల్లో ఒకటైన సీరియం భూమి పైపొరలో దాదాపు రాగి అంత ఉంది. కష్టమల్లా ఒకదాన్నుంచి ఒకటి విడదీయడంలోనే. మీ జిల్లా కాకిబంగారం (అభ్రకం) గనుల్లోనే ఈ లోహాలున్న ఖనిజం సమర్‌స్కైట్ దొరికింది. అబ్బురం వెలుగులో ఉంది. ఈ లోహాల్లోనే మరొకటైన టెర్బియం తానుగా కాంతిని బాగా పీల్చుకోలేదు. చుట్టూ కట్టుకున్న సేంద్రియ అణువులు, ఎక్స్‌రే రేపిన శక్తిని పోగుచేసి దానికి అందిస్తే 545 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఆకుపచ్చగా వెలుగుతుంది. యూరోపియమైతే 612 దగ్గర ఎర్రగా. లోహానికి నీటి అణువు అంటుకుందా, అందులోని ఆక్సిజన్–హైడ్రోజన్ (ఓ–హెచ్) బంధపు కంపనం ఆ శక్తిని మింగేస్తుంది. ఈ పదార్థపు పొడిని సిలికోన్ రబ్బరులో కలిపి పొర పోసేటప్పుడు బుడగలు మిగిలినా, గింజలు అడుగుకు దిగినా బొమ్మలో మచ్చలే. పొర మందమైతే ఎక్స్‌రే ఎక్కువగా ఆగుతుంది గానీ, వెలుగు పక్కలకు పాకి బొమ్మ అలుక్కుపోతుంది.

‘సంకర’ సరే. అయితే పొడినీ రబ్బరునూ కలిపినంత మాత్రాన అది మిశ్రమమే; లోహమూ సేంద్రియ అణువూ బంధంతో ముడిపడాలి.

మిణుగురు వెలుగు దాని ఒంట్లోని రసాయన చర్యది. ఇక్కడ బయటి కిరణం తగలాలి. కాబట్టి ‘మిణుగురు పలక’ వద్దు, ‘మినుకు పలక’ అంటే ఒప్పుకుంటాను. పరీక్షల్లో అదే అర్థమున్న సంస్కృత మాట ‘విరళ మృత్తిక’నే ఉంచండి. వ్యాసంలో ‘అరుదుమన్ను’ అని రాస్తే మాత్రం నేనైతే దిద్దను.