ఆఫ్రికాలో అమ్మాయిలను సైన్స్ వైపు తేవడానికి పనిచేస్తున్న మహిళా శాస్త్రవేత్తలు ఎవరు? ఆ కృషి వల్ల నిజంగా ఫలితం ఉంటుందా?

చాలామందే ఉన్నారు. నేను ఇథియోపియాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ బోధించాను కాబట్టి, అక్కడ పనిచేసిన ఖగోళ శాస్త్రవేత్త మిర్యానా పోవిచ్ గురించి చెబుతాను. ఆమెను నేను కలవలేదు. ఆమె ఎంచుకున్న సమస్య మాత్రం రోజూ నా తరగతిలోనే కూర్చుని ఉండేది.

అక్కడ విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో అమ్మాయిలకు కటాఫ్ కొంత తగ్గిస్తారు. సీటు వస్తుంది, అసలు కష్టం ఆ తర్వాతే. చిన్న తరగతులన్నీ ఒరోమో, అమ్హారిక్ వంటి మాతృభాషల్లో చదివి, హైస్కూలుకు రాగానే ఇంగ్లీషులో పడతారు. తెలుగు మీడియం నుంచి ఇంటర్‌కు వెళ్లినవారికి ఈ బాధ వివరించనక్కర్లేదు. పైగా ఆ ఇంగ్లీషు నా యాసలో! ల్యాబులో పరికరాలు తక్కువ. సన్నని తీగల మందం కొలిచే స్క్రూగేజీ అబ్బాయిల చేతుల్లో, రీడింగులు రాసే పుస్తకం అమ్మాయిల చేతుల్లో ఉండేది. అమ్మాయిలను విడిగా ఒక బ్యాచిగా వేశాక, ప్రశ్నలు అడిగేది ఎక్కువగా వాళ్లే అయ్యారు. అంతవరకు వాళ్లకు ఆసక్తి లేదనుకున్న సహోద్యోగులు కూడా ఉన్నారు.

పోవిచ్ సెర్బియాకు చెందిన ఖగోళ శాస్త్రవేత్త, స్పెయిన్‌లో పీహెచ్‌డీ చేశారు. గెలాక్సీల మీద పరిశోధన. యూరప్‌లోనే ఉండిపోగలిగినా 2016లో ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబా వెళ్లి, అక్కడి అంతరిక్ష విజ్ఞాన సంస్థలో పనిచేస్తూ విద్యార్థులను తయారుచేశారు. ఇథియోపియాలో సైన్స్, టెక్నాలజీ రంగాల మహిళల సంఘం ఏర్పాటులోనూ, 2020లో ఆఫ్రికా మహిళా ఖగోళ శాస్త్రవేత్తల నెట్‌వర్క్ మొదలవడంలోనూ ఆమె పాత్ర ఉంది. 2018లో నేచర్ అనే సైన్స్ పత్రిక సంస్థ ఇచ్చిన పురస్కారం, 2021లో యూరోపియన్ ఖగోళ సంఘం మహిళా ఖగోళ శాస్త్రవేత్త జోసెలిన్ బెల్ బర్నెల్ పేరిట ఇచ్చిన పతకం ఈ పనికే వచ్చాయి.

‘తిండికే కష్టమైన చోట టెలిస్కోపులెందుకు?’ అని అడిగేవారుంటారు. ఆడిస్ పక్కనే సుమారు 3,200 మీటర్ల ఎత్తున ఉన్న ఎంటోటో కొండ మీద మీటరు వ్యాసం గల టెలిస్కోపులు రెండున్నాయి. అదే కొండ మీది నుంచి ఆడవాళ్లు నీలగిరి కట్టెల మోపులు వీపున కట్టుకుని, నడుము వంచి దిగుతుంటారు. అది చూస్తే ఆ ప్రశ్న నాకూ కలిగింది. కానీ కాస్త ఆలోచిస్తే, పేద దేశపు విద్యార్థికి ఖగోళశాస్త్రమే చౌక. పెద్ద టెలిస్కోపుల సమాచారం చాలావరకు ఉచితంగా దొరుకుతుంది. కంప్యూటరు, నెట్టు, చెప్పేవారు ఉంటే చాలు. మా ల్యాబులో విద్యుత్ సంకేతాలను తెర మీద గీతలుగా చూపే ఓ మంచి ఆసిలోస్కోపు కోసం పడిగాపులు పడ్డవాడిగా ఈ తేడా నాకు బాగా తెలుసు. పేదరికాన్ని దీర్ఘకాలంలో తగ్గించేది విద్యా విజ్ఞానాలే అన్నది పోవిచ్ వాదన. నేను అంత పెద్ద మాట అనలేను. ఒక అమ్మాయి మొదటి ఏడాదిలోనే చదువు మానేయకుండా నిలబడిందంటే ఆ కృషి పనిచేసినట్టే నా లెక్క. అందుకే వచ్చి ఉపన్యాసమిచ్చి విమానమెక్కేవారి కంటే, ఏళ్ల తరబడి అక్కడే ఉండి పాఠం చెప్పినవారి మీదే నాకు గురి.

ఆఫ్రికాలోనే పుట్టిన శాస్త్రవేత్త కావాలంటే రసాయన శాస్త్రవేత్త టెబెల్లో న్యోకాంగ్ గురించి చదవండి. దక్షిణాఫ్రికా మధ్యలో ఉన్న చిన్న దేశం లెసోతోలో చిన్నప్పుడు ఒకరోజు గొర్రెలు కాసి, మరొకరోజు బడికి వెళ్లారు. హైస్కూలులో ముందు ఆర్ట్స్ తీసుకుని, చివరి రెండేళ్లు మిగిలి ఉండగా సైన్స్‌కు మారారు. తర్వాత దక్షిణాఫ్రికాలోని రోడ్స్ విశ్వవిద్యాలయంలో, కాంతి తగిలితే క్యాన్సర్ కణాలను చంపే రంగు పదార్థాల మీద పరిశోధించి 2009లో మహిళా శాస్త్రవేత్తలకిచ్చే లొరియల్–యునెస్కో పురస్కారం అందుకున్నారు.