‘అక్కడక్కడ వర్షం’ అన్నారని వరికి నీరు ఆపవద్దు

ప్రశ్న: యాసంగి వరి పూత దశలో ఉంది. ముందుగా వచ్చిన కంకుల్లో సగం గింజలు తాలుగా మారాయి. వర్షం పడుతుందన్నారని నాలుగు రోజులుగా నీరు పెట్టలేదు. ఇది మెడవిరుపు తెగులని, మూడు మందులు కలిపి కొట్టాలని డీలరు చెబుతున్నారు. కంకి మెడ మీద మచ్చలైతే లేవు. వచ్చే వారం ఎండ 2–3 డిగ్రీలు పెరిగి, ఆ తర్వాత అక్కడక్కడ ఉరుములతో వర్షం పడవచ్చని అంచనా. ఎప్పుడు పిచికారీ చేయాలి?

జవాబు: ఇప్పుడు తెగులు మందు కొట్టవద్దు. మెడవిరుపు సోకితే కంకి మెడ గోధుమ లేదా నలుపు రంగుకు మారి, అక్కడే విరిగి వాలుతుంది. లాగగానే ఊడివచ్చే తెల్లకంకులు కనబడితే మొగి పురుగును (కాండం తొలిచే పురుగు) అనుమానించాలి. మీరు చెప్పిన లక్షణాలు ఈ రెండూ కావు; పూత సమయంలో వేడికి నీటి ఎద్దడి తోడై గింజ కట్టలేదు.

వాతావరణ శాఖ పరిభాషలో ‘అక్కడక్కడ’ అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో 25 శాతానికి మించని చోట్ల మాత్రమే వాన పడుతుందని అర్థం కాబట్టి, ఆ మాట నమ్మి పూత దశలో ఉన్న పొలాన్ని ఎండబెట్టడం పెద్ద నష్టం. వడగాలి హెచ్చరిక లేదని కూడా ధీమా పడవద్దు. మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరాకే వడగాలిని పరిగణిస్తారు. వరి పువ్వుకు మాత్రం, అది విచ్చుకునే ఉదయం 9 నుంచి 12 గంటల మధ్య 35 డిగ్రీలు దాటినా పుప్పొడి దెబ్బతిని తాలు ఏర్పడుతుంది.

ఈ సాయంత్రమే నీరు పెట్టి, పూత ముగిసి గింజ పాలుపోసుకునే వరకు మడిలో 5 సెం.మీ. నీరు నిలపండి. నీరు బాగా వేడెక్కితే సాయంత్రం కొంత తీసివేసి, రాత్రి చల్లని నీరు పెట్టండి. వర్షం లేని రోజు చూసి, సాయంత్రం 4 గంటల తర్వాత ఎకరాకు 200 లీటర్ల నీటిలో 2 కిలోల 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు; లీటరుకు 10 గ్రాములు) కలిపి ఒక్కసారి పిచికారీ చేయండి. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం వరకు ఏ మందూ కొట్టకూడదు, ఎందుకంటే విచ్చుకున్న పువ్వు మీద ద్రావణం పడితే పరాగ సంపర్కం చెడుతుంది. ఇప్పటికే తాలైన గింజలు తిరిగి నిండవు. మనం కాపాడేది ఇంకా రావలసిన కంకులను.

పొలం చూడకుండా, మెడ మీద మచ్చ ఉందో లేదో అడగకుండా మూడు మందులు చేతిలో పెట్టడం సలహా కాదు, అమ్మకం. వర్షాల తర్వాత రెండు మూడు రోజులు మబ్బు, రాత్రి చల్లదనం, మంచు కొనసాగి, మెడ మీద మచ్చలు నిజంగా కనిపిస్తేనే లీటరు నీటికి 1.5 మి.లీ. ఐసోప్రోథయోలేన్ లేదా 2.5 మి.లీ. కాసుగామైసిన్, రెండింటిలో ఒకటే, సాయంత్రం వాడండి. అంతకుముందు మంగళ, శుక్రవారాల్లో వెలువడే జిల్లా వ్యవసాయ వాతావరణ సలహాను చూడండి. డీలరు ఇచ్చిన డబ్బాలను కొని ఉంటే, సీలు తీయకుండా బిల్లుతో సహా తిరిగి ఇవ్వండి.