ఆ చేపను ఇప్పుడే కొనకు బిడ్డా

హన్మకొండ,
శుక్రవారం రాత్రి

బిడ్డా,

సాయంత్రం నువ్వు ఆ అక్వేరియం దుకాణం ముందు నిలబడి ఫోన్ చేసినప్పుడు నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. కరీంనగర్ ట్రాఫిక్ చప్పుడు ఒకవైపు, నీ ఏడుపు ఒకవైపు. "కొనకు, ఇంటికి పో, రాత్రి రాస్తా" అని మాత్రం అన్నాను. పెద్దమ్మకు జాలి లేదని అనుకుని ఉంటావు. నీ ఫోన్ పెట్టినప్పటి నుంచి నాకూ మనసు మనసులో లేదు. అన్నం తిని వెంటనే రాయడానికి కూర్చున్నాను.

నువ్వు పంపిన ఫోటోను పెద్దది చేసి చూశాను. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, ఎర్రటి తోక, పొడుగాటి మీసాలు. అది రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్. అమెజాన్ నది చేప. ఇప్పుడు నాలుగు అంగుళాలుంది. తిండి బాగా దొరికితే ఏడాదిలో అడుగు దాటుతుంది. పూర్తిగా పెరిగితే మూడు నాలుగు అడుగులు. పదిహేనేళ్ళకు పైన బతుకుతుంది. నోట్లో పట్టే చేపనల్లా మింగుతుంది, ఒక్కోసారి అడుగున పరిచిన రాళ్ళను కూడా. మా హాల్లో ఉన్న ట్యాంకు నువ్వు చూశావు కదా, నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. నిండా పోస్తే 250 లీటర్లు పడతాయి. పెరిగిన రెడ్ టెయిల్ అందులో వెనక్కి కూడా తిరగలేదు. దానికి ట్యాంకు సరిపోదు, సిమెంటు తొట్టి కట్టించాలి, అదీ ఒక గదంత. నువ్వుండేది రెండో అంతస్తులో, కిరాయి ఇంట్లో.

ఇది ఆ దుకాణాయన నీకు చెప్పలేదు. చాలా దుకాణాల్లో ఇలాంటివి చెప్పరు. 'షార్క్' అని చిన్న చిన్న సంచుల్లో కట్టి ఇచ్చేది మన మార్కెట్లో కిలోల లెక్కన దొరికే పంగాస్ పిల్లే. 'పిరానా' అని పిల్లలకు చూపించేది చాలాసార్లు మనం కూర వండుకునే రూప్‌చంద్ పిల్ల. కొన్నవాళ్ళు ఆర్నెల్లు పోయాక ఏం చేయాలో తెలియక తల పట్టుకుంటారు.

ఇంతకీ నీ ప్రశ్న చేప ఎంత పెరుగుతుందని కాదు. "పెద్దమ్మా, దాని రెక్కను పక్క చేపలు కొరికేశాయి, అక్కడే ఉంటే చచ్చిపోతుంది, కళ్ళతో చూసి ఎట్లా వదిలేసి రావాలె?" అన్నావు. ఆ మాటకు జవాబు నా సొంత అనుభవంలోంచే చెప్పాలి.

2006లో అనుకుంటా, నేనింకా కాలేజీలో జువాలజీ చెబుతున్న రోజులు. ఇంటికి వచ్చే దారిలో ఒక అక్వేరియం దుకాణం ఉండేది. బల్ల మీద వరసగా ప్లాస్టిక్ గ్లాసులు, ఒక్కో గ్లాసులో ఒక్కో ఫైటర్ చేప. ఫైటర్ మన కొర్రమీను లాగే పైకొచ్చి గాలి పీల్చుకోగలదు. అందుకే గుక్కెడు నీళ్ళలో కూడా ప్రాణం పోకుండా ఉంటుంది. ప్రాణం పోలేదు కదా అని దాన్ని గ్లాసులోనే ఉంచుతారు. దాని మలంలోంచి, మొప్పల్లోంచి వచ్చే అమ్మోనియా ఆ గుక్కెడు నీళ్ళలోనే చేరి దాన్నే కాలుస్తుంది. తోక చీలికలైపోయి గ్లాసు అడుగున పక్కకు ఒరిగి పడుకున్న దాన్ని ఒకదాన్ని కొన్నాను. ఇరవై లీటర్ల తొట్లో వేసి, రోజూ కొన్ని నీళ్ళు మార్చి బతికించాను. ఆ సంతోషం నీకు ఎట్లా చెప్పాలి! వారం తర్వాత మళ్ళీ వెళ్ళి ఇంకొకటి తెచ్చాను. ఆ తర్వాత ఇంకొకటి.

నాలుగోసారి వెళ్ళేసరికి ఆయన నన్ను చూసి నవ్వి, బల్ల కింద నుంచి రెండు గ్లాసులు తీసి పైన పెట్టాడు. "మేడమ్, ఇవి మీ కోసమే పక్కన పెట్టిన" అన్నాడు. రెండూ చావడానికి దగ్గరగా ఉన్నాయి. ఎవరూ కొనని చేపను కొనే మనిషి దొరికింది కాబట్టి నీళ్ళు మార్చకపోయినా ఆయనకు నష్టం లేకుండా పోయింది. ఆయన చెడ్డవాడు కాదు బిడ్డా. నేను ఇచ్చిన డబ్బులతో ఆయన నేర్చుకున్నది అది. నేను ఖాళీ చేసిన ప్రతి గ్లాసులోకి మరుసటి లోడులో కొత్త చేప వచ్చింది. ఒకదాన్ని బయటికి తెచ్చాననుకుని ఇంకోదాన్ని అదే గ్లాసులోకి నేనే పిలిచాను.

అంతటితో అయిపోలేదు. ఇంకో దుకాణం నుంచి, ఒళ్ళంతా తెల్ల చుక్కలున్న ఒక గౌరామీ చేపను జాలిపడి తెచ్చాను. విడిగా పెట్టడానికి ఆ రోజు వేరే తొట్టి సిద్ధంగా లేదు. ఒక్క రాత్రే కదా అని పెద్ద ట్యాంకులోనే వేశాను. పది రోజుల్లో ఆ తెల్ల మచ్చ జబ్బు మొత్తం ట్యాంకుకు పాకింది. ఆ పురుగు చేప ఒంటి మీద ఉన్నంతసేపూ మందుకు చావదు. ఊడి నీళ్ళలోకి వచ్చి ఈదే దశలోనే మందు పని చేస్తుంది. ఆ సంగతి క్లాసులో చెప్పిన దాన్నే, నా ఇంట్లో ఆలస్యం చేశాను. మీ అమ్మ నాకిచ్చిన గోల్డ్ ఫిష్ ఒకటి ఉండేది, నీకు గుర్తుండదు, నువ్వప్పుడు చాలా చిన్నదానివి. తొమ్మిదేళ్ళు నా చేతి నుంచి తిన్న చేప. అదీ పోయింది, గౌరామీ కూడా పోయింది. తెచ్చిన దాన్ని కాపాడలేదు, నన్ను నమ్ముకుని ఉన్నదాన్ని చంపుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ కష్టంగా ఉంది.

అందుకే జబ్బు చేపను, పెంచడం కష్టమైన చేపను జాలితో డబ్బులిచ్చి కొనవద్దని చెబుతున్నాను. దుకాణంలో నువ్విచ్చే మూడు వందల యాభై నీకు దయ. ఆయన లెక్కల పుస్తకంలో మాత్రం 'రెడ్ టెయిల్ ఒకటి పోయింది, ఇంకోటి తెప్పించాలి' అనే.

దీనికి మినహాయింపు లేదా అంటే ఉంది. పెరిగిపోయిందని ఎవరో వాపస్ ఇచ్చిన ఆస్కార్ చేపో, సక్కర్ చేపో ఒక్కోసారి దుకాణం మూలన నెలల తరబడి పడి ఉంటుంది. దాన్ని ఆయన తెప్పించలేదు, పోతే మళ్ళీ తెప్పించడు. అలాంటిది తీసుకుంటే కొత్త ప్రాణం ఆ చోటుకు రాదు. ఇల్లు ఖాళీ చేసి పోయేవాళ్ళు వదిలించుకునే చేపలూ అంతే. మా ట్యాంకులో ఇప్పుడున్న ఆస్కార్ అలా వచ్చిందే. నీకు చేపల మీద ఇంత ప్రేమ ఉంటే అటు చూడు. కానీ అది కూడా చోటుంటేనే. ఆ చేప పూర్తి సైజుకు సరిపడా నీళ్ళు ఉండాలి. ట్యాంకు కొత్తది కాకూడదు. ఫిల్టర్‌లో అమ్మోనియాను తినే బ్యాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. జబ్బు దిగే వరకు విడిగా ఉంచడానికి ఇంకో తొట్టి కావాలి, కనీసం మూడు నాలుగు వారాలు. మే నెలలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. నీళ్ళు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ లేకుండా నేను ఏ చేపనూ ఇంట్లోకి తేను. ఇంకొకటి, నీ పెళ్ళి అయిపోయి నువ్వు ఊరు మారితే ఆ చేప ఎవరి చేతిలో ఉంటుంది? పదిహేనేళ్ళ బతుకు ఉన్న జీవి గురించి ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న ఇది.

ఫోన్‌లో నువ్వు అన్న ఇంకో మాట నన్ను ఎక్కువ భయపెట్టింది. "పెంచలేకపోతే మానేరు డ్యాంలో వదిలేస్తాలే" అన్నావు. ఆ పని మాత్రం ఎప్పుడూ చేయకు. చెరువులో వదిలితే పుణ్యం వస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ చేప చెరువులో ఏం చేస్తుందో ఎవరూ ఆలోచించరు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన సక్కర్ చేపనే చూడు. ట్యాంకు అద్దం శుభ్రం చేస్తుందని అమ్ముతారు, అడుగు దాటాక చెరువులో పారేస్తారు. కృష్ణా నది పక్కన జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. ముళ్ళతో వలలు చింపేస్తుంది, తినడానికి మన దగ్గర ఎవరూ కొనరు. మగ చేప గుడ్ల కోసం గట్టులో బొరియలు తవ్వుతుంది. కాకతీయుల నాటి నుంచి మట్టి కట్టల మీద బతుకుతున్న చెరువులు మనవి. ఆ కట్టలకు బొరియలు పడితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో అలిగేటర్ గార్ దొరికింది. ఉత్తర అమెరికా చేప, మొసలి లాంటి మూతి. అది అక్కడికి ఈదుకుంటూ రాలేదు కదా.

మానేరు మీద, మా వడ్డేపల్లి చెరువు మీద బతికే ముదిరాజులు, బెస్తవాళ్ళు ఉన్నారు. వాళ్ళ వలలో పడే బొచ్చె, రవ్వ, కొర్రమీను పిల్లలను నీ రెడ్ టెయిల్ మింగుతుంది. కొర్రమీను మన రాష్ట్ర చేప. ఒక్క చేపేగా అని నీకు అనిపించవచ్చు. ప్రతి ఇంటివాళ్ళూ అదే మాట అనుకుని వదులుతారు.

నువ్వు అడగలేదు గానీ నీ మనసులో ఇంకో ప్రశ్న ఉంటుంది. మృగశిర కార్తె వస్తే చేపల కూర తినే ఇల్లు మనది, మనకు ఈ జాలి ఏమిటని. నేనూ దీని గురించి చాలా ఏళ్ళు ఆలోచించాను. తినడానికి తెచ్చిన చేపకు ఒక పూట బాధ. మార్కెట్లో తొట్టిలో కొట్టుకునేటప్పుడు అదీ నాకు నచ్చదు, అందుకే తెలిసినాయన దగ్గర అప్పుడే కొట్టించి తెచ్చుకుంటాను. చూడటానికి తెచ్చుకున్న చేప నెలల తరబడి, ఏళ్ళ తరబడి మన కళ్ళ ముందే ఉక్కిరిబిక్కిరి అవుతుంది. దాని తిండి, దాని నీళ్ళు, దాని గాలి అన్నీ మన చేతిలో పెట్టుకుని మరీ. నాకు రెండోది పెద్ద తప్పుగా అనిపిస్తుంది. నీకు వేరేగా అనిపిస్తే చెప్పు, వింటాను.

మరి ఆ దుకాణంలో ఉన్న పిల్ల సంగతేంటి? రద్దీ లేని వేళ వెళ్ళి ఆయనతో నెమ్మదిగా మాట్లాడాలి. చెన్నై కొలత్తూరు నుంచో, కోల్‌కతా నుంచో ఆక్సిజన్ నింపిన కవర్లలో సరుకు వస్తుంది. దారిలో కొన్ని చస్తాయి, వచ్చాక కొన్ని చస్తాయి. ఆ నష్టం ఆయన మీదే పడుతుంది. అరిస్తే వినడు. గోల్డ్ ఫిష్‌లతో కలిపి ఉంచితే రెండు వైపులా నష్టమని, దీన్ని విడిగా పెట్టమని, రెడ్ టెయిల్‌ను చోటున్నవాళ్ళు ముందే అడిగితే తప్ప తెప్పించవద్దని చెప్పాలి. నా మాట విని ఫైటర్ గ్లాసులు తీసేసి చిన్న తొట్లు పెట్టినవాళ్ళు ఇద్దరున్నారు. విననివాళ్ళూ ఉన్నారు. వినకపోతే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ఉంది. అందులో జంతువంటే మనిషి తప్ప ప్రాణమున్న ఏదైనా సరే, చేప కూడా. కానీ మొదటి రోజే చట్టం మాట ఎత్తకు.

ఒకవేళ ఈ ఉత్తరం చేరేలోపు నువ్వు మళ్ళీ వెళ్ళి కొనేసి ఉంటే, నా దగ్గర దాచకు, నేను తిట్టను. వంద లీటర్లు పట్టే ప్లాస్టిక్ టబ్బులో పెట్టు. రాళ్ళు వేయకు, మింగుతుంది. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయే మందు వేసి పోయి. కవర్‌ను పావుగంట తేలనిచ్చి, చేపను మాత్రమే వదులు, కవర్ నీళ్ళు పోయకు. మొదటి రోజు తిండి పెట్టకు, గుడ్డ కప్పి చీకటిగా ఉంచు. రోజూ పావు వంతు నీళ్ళు మార్చు. మిగతాది నేను వచ్చాక చూద్దాం, పెద్ద సిమెంటు తొట్టి ఉన్నవాళ్ళ కోసం నేను ఇప్పటి నుంచే అడగడం మొదలుపెడతాను. అది ఇక కోలుకోదు అనిపిస్తే కూడా నాకు చెప్పు. లవంగ నూనెతో మత్తులోకి పంపి బాధ లేకుండా సాగనంపే పద్ధతి ఉంది, అది నేను దగ్గరుండి చేస్తాను. నీ ఒక్కదాని మీద పెట్టను. బతికుండగా టాయిలెట్లో వేయడం, ఎండలో పారేయడం మాత్రం వద్దు.

నేను ఆదివారం పొద్దున ఎనిమిదింటి బస్సుకు వస్తున్నాను. మా ట్యాంకులో ఏళ్ళుగా నడిచిన స్పాంజి ఫిల్టర్ ఒకటి తడి ఆరకుండా డబ్బాలో తెస్తాను, వాడినా వాడకపోయినా. దుకాణాయనతో నేను మాట్లాడతాను, నువ్వు పక్కన ఉండు. అప్పటిదాకా ఆ ఫోటో డిలీట్ చేయకు. దాని కుడి రెక్క దగ్గర రెండు తెల్లటి చుక్కలు కనిపిస్తున్నాయి, అవి గాయమో జబ్బో అక్కడికి వచ్చాక పోల్చి చూడాలి.

పైలంగా ఉండు.

నీ పెద్దమ్మ