అన్నింట్లో బాగా చేస్తూ దేనిలోనూ ఛాంపియన్ కాని పిల్లలకు అమెరికాలోని పెద్ద కాలేజీల్లో స్కాలర్‌షిప్ వస్తుందా?

"మా అబ్బాయి పదకొండో తరగతి. మార్కులు బాగున్నాయి. వయొలిన్ వాయిస్తాడు, స్కూలు టెన్నిస్ జట్టులో ఆడతాడు, డిబేట్‌కు వెళ్తాడు. దేనిలోనూ రాష్ట్రస్థాయి బహుమతి మాత్రం లేదు. మా ఆదాయానికి సహాయం రాదు, ఏడాదికి 90 వేల డాలర్లు కట్టే స్తోమతా లేదు. సీటు కష్టమైనా సరే, వస్తే మంచి స్కాలర్‌షిప్ ఇచ్చే రీచ్ కాలేజీలు ఏవి?" అని అడిగారు.

స్కాలర్‌షిప్ వస్తుంది. మా అమ్మాయికి వచ్చింది. మీ అబ్బాయి గురించి మీరు రాసింది చదువుతుంటే నాలుగేళ్ల క్రితం న్యూజెర్సీలోని మా ఇల్లే కళ్ల ముందు కనబడింది. కూచిపూడి, స్కూలు పరుగు పందెం, ఆదివారం తెలుగు బడి, చరిత్ర క్లబ్బు. అన్నీ ఉన్నాయి, ఏ ఒక్కదానిలోనూ పతకం లేదు. "ఒక్కదాని మీద పడాల్సింది, ఇన్ని పెట్టుకుంటే ఎవరు తీసుకుంటారు?" అని మా బంధువుల్లో అనని వారు లేరు. నా అభిప్రాయం పూర్తిగా వేరు. ఇంటర్వ్యూ చేసి ఇచ్చే పెద్ద స్కాలర్‌షిప్పులు ఇలాంటి పిల్లల కోసమే ఉన్నాయి. ఒలింపియాడ్ పతకం ఉన్న పిల్లవాడికి ఎంఐటీ ఉంది. పది రకాల మనుషులతో కూర్చుని మాట్లాడగలిగే పిల్లలకు ఇవి ఉన్నాయి.

ముందు మీ జాబితాలోంచి కొన్ని పేర్లు పక్కన పెట్టండి. హార్వర్డ్, యేల్, కొలంబియా, కార్నెల్‌తో సహా ఐవీ లీగ్ అని పిలిచే ఎనిమిది పేరున్న కాలేజీల్లో ప్రతిభను చూసి ఇచ్చే స్కాలర్‌షిప్ అనేదే లేదు. ఎంఐటీ, ఆమ్హర్స్ట్, విలియమ్స్ కూడా అంతే. ఎంత గొప్ప విద్యార్థి అయినా అక్కడ ఇచ్చేదంతా కుటుంబ ఆదాయం, ఆస్తులు లెక్కగట్టి ఇచ్చేదే. ఇది తెలియక "మా వాడికి కార్నెల్‌లో స్కాలర్‌షిప్ వస్తుంది" అని లెక్కలు వేసుకునే కుటుంబాలు మన చుట్టూ చాలా ఉన్నాయి.

అయితే "మా ఆదాయానికి సహాయం రాదు" అని మీరు తేల్చేశారే, అది ఎవరైనా లెక్కవేసి చెప్పారా? 2025-26 నుంచి హార్వర్డ్ రెండు లక్షల డాలర్లలోపు ఆదాయం, మామూలు స్థాయి ఆస్తులు ఉన్న కుటుంబాలకు ట్యూషన్ ఫీజు లేకుండా చేసింది. ఎంఐటీ కూడా అక్కడే గీత గీసింది. ప్రిన్స్‌టన్ అయితే రెండున్నర లక్షల వరకు చాలా కుటుంబాలకు ట్యూషన్ ఉండదని చెప్పింది. భార్యాభర్తల్లో ఒక్కరే ఉద్యోగం చేసే మన ఇళ్లలో చాలావాటికి ఇది వర్తిస్తుంది. ప్రతి కాలేజీ వెబ్‌సైటులోనూ, మీ కుటుంబం నిజంగా ఎంత కట్టాల్సి వస్తుందో అంచనా వేసి చూపే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది, 2011 నుంచి అది ఉండి తీరాలని చట్టం. పన్ను కాగితాలు దగ్గర పెట్టుకుని నింపండి. ఒక్క విషయం మరిచిపోవద్దు. ఆర్థిక సహాయం కోసం చాలా ప్రైవేటు కాలేజీలు అడిగే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారంలో హైదరాబాదులో కొన్న ఫ్లాటు, ఊళ్లో ఉన్న స్థలం కూడా ఆస్తులుగా చూపించాలి. దాచకండి.

లెక్కలు వేశాక కూడా రాదని తేలితే, మీరు వెతకాల్సిన చోటు ఐవీలకు ఒక మెట్టు పక్కన ఉంది. కింద అని నేను అనను, చదువులో తేడా నాకు కనబడలేదు. వాండర్‌బిల్ట్‌లో కొర్నీలియస్ వాండర్‌బిల్ట్ స్కాలర్‌షిప్ పూర్తి ట్యూషన్ ఇచ్చి, ఒక వేసవిలో చదువుకో పరిశోధనకో అదనంగా డబ్బిస్తుంది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో డాన్‌ఫర్త్, ఎర్విన్ ఉన్నాయి. ఎమరీలో వుడ్‌రఫ్, డ్యూక్‌లో రాబర్ట్‌సన్, చాపెల్‌హిల్‌లోని నార్త్ కరోలినా యూనివర్సిటీలో 1945 నుంచి నడుస్తున్న మోర్‌హెడ్-కెయిన్, వర్జీనియా యూనివర్సిటీలో జెఫర్సన్. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో, బోస్టన్ యూనివర్సిటీలో ట్రస్టీ పేరుతో పూర్తి ట్యూషన్ ఇస్తారు. మనవాళ్ల నోట ఎప్పుడూ వినబడని పేరు ఒకటి చెబుతాను: వర్జీనియాలోని వాషింగ్టన్ అండ్ లీ. అక్కడి జాన్సన్ స్కాలర్‌షిప్ ట్యూషన్‌తోపాటు వసతి, భోజనం కూడా భరిస్తుంది, ఏటా చేరేవారిలో దాదాపు పది శాతం మందికి అందుతుంది. పదిమందిలో ఒకరు! కాలేజీ చిన్నది, ఊరు చిన్నది, మన తెలుగువాళ్లుండే న్యూజెర్సీ ఎడిసన్‌లో ఎవరికీ తెలియదు. అందుకే మనవాళ్లు దరఖాస్తు పెట్టరు.

ఏ కాలేజీ నిజంగా ఇస్తుందో, ఏది ప్రకటనలకే పరిమితమో తెలుసుకోవడానికి ఏ కన్సల్టెంటూ అక్కర్లేదు. కాలేజీ పేరు పక్కన కామన్ డేటా సెట్ అని కొట్టి వెతకండి, కాలేజీలు తమ అంకెలు ప్రకటించే పత్రం అది. అందులో హెచ్2ఎ అనే పట్టిక ఉంటుంది. ఆర్థిక అవసరం లేదని తేలినా కాలేజీ సొంత నిధుల నుంచి డబ్బు పొందిన కొత్త విద్యార్థులు ఎంతమందో 'ఎన్' వరసలో, సగటున ఎంత ఇచ్చారో 'ఓ' వరసలో ఉంటుంది. ఐవీలకు అక్కడ సున్నాయో ఖాళీయో కనబడుతుంది. మీ కుటుంబం లాంటి కుటుంబాలకు ఆ కాలేజీ ఏం చేస్తుందో చెప్పే వరసలు ఇవి రెండే. సీ7 పట్టిక కూడా చూడండి. వ్యాసానికీ, వ్యక్తిత్వానికీ, చదువేతర వ్యాపకాలకూ ఎంత విలువ ఇస్తారో కాలేజీయే అందులో గుర్తు పెట్టి చెబుతుంది. ఇవన్నీ 'చాలా ముఖ్యం' గడిలో ఉన్న కాలేజీలే మీ అబ్బాయివి.

ఇక ఆల్‌రౌండర్ల సంగతి. దీని గురించి రాయాలనే ఈ జవాబు మొదలుపెట్టాను.

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా గుడిలో ఒక పెద్దావిడ తన పౌరసత్వ పరీక్ష కాగితాలు పట్టుకుని కూర్చుని కనబడింది. తెనాలి వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చి స్థిరపడిన ఆవిడ. తెలుగు చక్కగా చదువుతుంది, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటుంది. గ్రీన్‌కార్డు వచ్చి పదిహేనేళ్లు దాటిన 55 ఏళ్ల పైవారికి ఇంగ్లీషు మినహాయింపు ఉంటుంది గాని, ఆవిడకు అన్నేళ్లు కాలేదు. అప్పట్లో ప్రశ్నలు 100, ఇప్పుడు 128 చేశారు. అధికారి ఎదురుగా కూర్చుని అప్పట్లో పది అడిగితే ఆరింటికి ఇంగ్లీషులో జవాబు చెప్పాల్సి వచ్చేది, ఇప్పుడు ఇరవై అడిగితే పన్నెండింటికి చెప్పాలి. మా అమ్మాయి ఆ ప్రశ్నలన్నీ అట్టముక్కల మీద తెలుగు లిపిలో రాసింది. తెలుగు బడిలో దిద్దిన అక్షరాలు అక్కడ పనికొచ్చాయి. ఆవిడకు "మిసిసిపీ" నోరు తిరగలేదు. "మామ్మగారూ, తకధిమి అనండి" అంది మా అమ్మాయి. ఆవిడ భజనల్లో తాళం వేసే మనిషి, వెంటనే చేత్తో వేస్తూ "తకధిమి" అంది. "అదే వరసలో మిసిసిపి." వచ్చేసింది. తర్వాత మిజోరీ, ఆ తర్వాత విల్సన్. కొన్నాళ్లకు ఆవిడ చుట్టూ మరికొందరు పెద్దలు చేరారు.

ఒకరోజు ఇంకో రకం చిక్కు వచ్చింది. "పౌరులైనప్పుడు మీరు చేసే వాగ్దానాల్లో ఒకటి చెప్పండి" అనేది ఒక ప్రశ్న. దానికి జాబితాలో మొదటి జవాబు ఇతర దేశాల పట్ల విధేయత వదులుకుంటాను అని. అర్థం చెప్పగానే ఆవిడ అట్టముక్క బల్ల మీద పెట్టేసింది. "మన దేశాన్ని వదిలేస్తానని నా నోటితో అనాలా అమ్మా?" అని లేచి వెళ్లిపోయింది. తర్వాతి వారం రాలేదు. మా అమ్మాయి ఆ ప్రశ్నకున్న మిగతా జవాబులన్నీ మరో అట్ట మీద రాసి తీసుకెళ్లింది, వాటిలో ఏ ఒక్కటి చెప్పినా సరిపోతుంది కాబట్టి. ఆవిడ చదివి, "చట్టాలకు లోబడి ఉంటాను" అనే దాని మీద వేలు పెట్టి, "ఇది చెబుతాను. ఎక్కడున్నా చేసేదే కదా" అంది. ప్రమాణం చేసే రోజున అసలు మాట అనక తప్పదని మా అమ్మాయి దాచకుండా చెప్పింది. "ఆ రోజు సంగతి ఆ రోజు చూసుకుందాం" అని ఆవిడ మళ్లీ తాళం మొదలుపెట్టిందట.

పన్నెండో తరగతి ఫిబ్రవరిలో దక్షిణాది రాష్ట్రంలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూకు పిలిచింది. పేరు రాస్తే పిల్లను గుర్తుపడతారు కాబట్టి రాయడం లేదు. బల్లకు అటువైపు ముగ్గురు. మార్కుల గురించి ఒక్క మాట లేదు. వాళ్లలో చరిత్ర చెప్పే ప్రొఫెసర్ "ఆ 100 ప్రశ్నల్లో పెద్దవాళ్లకు అన్నిటికంటే కష్టమైనది ఏది?" అని అడిగారట. మా అమ్మాయి ఆ వాగ్దానం ప్రశ్న సంగతి చెప్పింది. ఇంటర్వ్యూ సమయమంతా దాని చుట్టూనే నడిచింది: విధేయత అంటే ఏమిటి, రెండు దేశాలను ప్రేమించే మనిషికి చట్టం ఏం చెబుతుంది, ఆవిడ స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావు. కారులో తిరిగి వస్తూ "అమ్మా, వాళ్లు నన్ను పరీక్షించినట్టే లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగారు" అంది. మార్చిలో పూర్తి ట్యూషన్ ఇస్తున్నట్టు ఉత్తరం వచ్చింది.

నాట్యం, తెలుగు, చరిత్ర, పదిమందిలో మాట్లాడే చొరవ, ఇవన్నీ విడివిడిగా చూస్తే సాదాసీదావే. ఆ బల్ల దగ్గర అవన్నీ ఒకే మనిషిగా కనబడ్డాయి. మీ అబ్బాయికీ అలాంటి చోటు ఒకటి ఇప్పటికే ఉండి ఉంటుంది, మీరు దాన్ని వ్యాపకాల లెక్కలో వేసుకుని ఉండరు. చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు పెట్టే కామన్ ఆప్‌లో పది వ్యాపకాలకు చోటుంటుంది, ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలు. మన తల్లిదండ్రులు ఆ పది గడులు నింపాలనే కంగారుతో పిల్లల చేత పదహారేళ్లకే స్వచ్ఛంద సంస్థలు పెట్టిస్తున్నారు. వెబ్‌సైటు ఉంటుంది, లోగో ఉంటుంది, సాయం పొందిన మనిషి ఒక్కరూ ఉండరు. ఎంపిక చేసేవాళ్లు ఇలాంటివి ప్రతి ఏడూ వందల్లో చూస్తారు. పిల్లల వేసవి సెలవులను ఇలా పాడుచేయడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. కన్సల్టెంట్లకు వేల డాలర్లు పోసి "ఒక్క ముఖ్యమైన ఆసక్తి" తయారు చేయించడం కూడా అలాంటిదే. ఆ డబ్బు పిల్లవాడి పుస్తకాలకు పనికొస్తుంది.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. తల్లిదండ్రుల ఉద్యోగ వీసాతోపాటు వచ్చే హెచ్4 వీసా మీద ఉన్న పిల్లలు రెండేళ్ల వయసులో వచ్చి ఇక్కడే కిండర్‌గార్టెన్ నుంచి చదివినా వారికి ఫెడరల్ సహాయం రాదు, చాలా కాలేజీలు వాళ్లను అంతర్జాతీయ విద్యార్థులుగానే చూస్తాయి. తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు వరస కదలకపోవడానికి పిల్లలు ఏం చేశారు? మీ అబ్బాయి పరిస్థితి అదే అయితే ప్రతిభ స్కాలర్‌షిప్పులే మీకు దారి. వాండర్‌బిల్ట్, మోర్‌హెడ్-కెయిన్ లాంటివి పౌరసత్వం అడగవు. ఆదాయం చూసి సహాయం చేసే కాలేజీల్లో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్స్ట్, డార్ట్‌మత్, బోడన్ సీటు నిర్ణయించేటప్పుడు విదేశీ విద్యార్థి కట్టగలడా లేదా అన్నది చూడవు.

ఎర్లీ డెసిషన్ జోలికి మాత్రం వెళ్లకండి. సీటు వస్తే చేరతామని ముందే సంతకం పెట్టేశాక, ఏ కాలేజీ ఎంత ఇస్తుందో పోల్చుకునే అవకాశం పోతుంది. స్కాలర్‌షిప్ కోసం చూసే కుటుంబానికి అది సరిపడదు. ముందుగానే దరఖాస్తు పెట్టే ఇంకో పద్ధతి ఎర్లీ యాక్షన్‌లో ఆ కట్టుబాటు ఉండదు. పైగా సదరన్ కాలిఫోర్నియా, మేరీలాండ్ లాంటి చోట్ల స్కాలర్‌షిప్ పరిశీలనకు నవంబర్ 1 గడువు. మరికొన్ని చోట్ల డిసెంబర్ 1. జనవరిలో దరఖాస్తు పెట్టి "స్కాలర్‌షిప్ రాలేదు" అనేవాళ్లలో సగం మంది గడువు దాటినవాళ్లే అని నా నమ్మకం. కొన్నిటికి వేరే వ్యాసం, వేరే ఫారం కూడా ఉంటాయి.

మీకు ఇంకా సమయముంది. వేసవి సెలవులకు ముందే ఇద్దరు టీచర్లను సిఫారసు లేఖలు అడగమనండి. ఎక్కువ మార్కులు వేసినవారికంటే, తరగతిలో అబ్బాయి వాదించిన రోజులు గుర్తున్న టీచర్లు మేలు. కాలేజీల జాబితా సిద్ధమయ్యాక హెచ్2ఎ అంకెలతో సహా ఇక్కడే పెట్టండి, నేను చూసి చెబుతాను.