రిపేరు ముచ్చట్లు: ముందు సిరీస్ బోర్డు, స్కోపు సంగతి తర్వాత

ఈసారి వచ్చిన ఉత్తరాల్ల సగానికి పైగా ఇంట్ల రిపేరు బెంచి పెట్టుకునే ముచ్చటే ఉన్నది. ఒకే తీరు ప్రశ్నలను కలిపి రాస్తున్న, మీరు రాసింది రాసినట్టు కనపడకపోతే ఏమనుకోవద్దు.

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ దగ్గర పల్లె. ఐటీఐ ఎలక్ట్రానిక్స్ అయిపోయింది. ఇంట్లనే ఎల్‌ఈడీ టీవీలు, ఆంప్లిఫయర్లు, చార్జర్లు బాగుచేద్దామని ఒక రూము ఖాళీ చేసిన. చేతిల ఎనిమిది వేలున్నయి. యూట్యూబ్‌ల చూస్తే అందరి టేబుల్ మీద ఆసిలోస్కోపు (కరెంటు అలలను తెర మీద చూపే మిషన్) ఉంటది. ఇంకిన్ని పైసలు జమచేసి అదే కొనాల్నా, లేకుంటే వేరే ఏమన్న ముందు తీసుకోవాల్నా?

జవాబు: తమ్మీ, స్కోపు ముచ్చట ఇప్పుడే వద్దు. నీ దగ్గరికి వచ్చే సెట్లల్ల ఎక్కువ శాతం పవర్ సప్లై పోయినవే ఉంటయి, వాటికి కావాల్సింది సిరీస్ బోర్డు, అంటే సెట్‌కు పోయే కరెంటు ముందు ఒక బల్బు దాటి పోయేటట్టు చేసిన బోర్డు. బజార్ల రెడీమేడ్ దొరుకుతది గాని నువ్వే చేసుకో, ఒక ప్లైవుడ్ ముక్క, ఒక హోల్డరు, ఒక సాకెట్, రెండు స్విచ్‌లు, 6 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్) ఒకటి, అంతే. ఫేజ్ తీగ ఎంసీబీ నుంచి ఒక స్విచ్ దాటి బల్బు హోల్డరుకు పోవాలె, అక్కడ్నుంచి సాకెట్‌కు, న్యూట్రల్, ఎర్త్ మాత్రం నేరుగా సాకెట్‌కే. రెండో స్విచ్ బల్బును తప్పించి డైరెక్టు ఇచ్చేటందుకు, దాని మీద ఎర్ర పెయింట్ చుక్క పెట్టుకో, తొందరల అదే నొక్కుతరు చాలామంది.

ఇగ చూసుడు ఎట్లంటే, టీవీ బోర్డు దీన్ల పెట్టి ఆన్ చేసినప్పుడు బల్బు ఒక్కసారి జిగేల్మని మెల్లగ తగ్గిపోతే మెయిన్ కెపాసిటర్ చార్జ్ అయింది, ప్రైమరీల (మెయిన్ కరెంటు నేరుగా వచ్చే దిక్కు) షార్ట్ లేదన్నట్టు. బల్బు తగ్గకుండ ఫుల్లు వెలుగుతనే ఉంటే బ్రిడ్జ్ డయోడో మాస్‌ఫెటో కెపాసిటరో షార్ట్ అయింది, అప్పుడు ఆపేసి మీటరు తీసుకో. అసలు వెలగనే వెలగకుంటే ఫ్యూజు పోయింది, లేదంటే ముందల ఎక్కడనో ఓపెన్ ఉన్నది. వెలుగు తగ్గుతు పెరుగుతు ఉంటే సప్లై లేవాలని చూసి మళ్ళ పడిపోతున్నదన్నట్టు, లోడ్ దిక్కు చూడాలె. ఇంత సంగతి ఒక బల్బు చెప్తది, కొత్త మాస్‌ఫెట్ ఏసినంక అది మళ్ళ పటాకి లెక్క పేలకుండ కూడా అదే ఆపుతది. 100 వాట్ల బల్బు 230 వోల్టుల మీద 0.43 ఆంపియర్లకు మించి ఎక్కువసేపు పోనియ్యదు.

బల్బంటే ఫిలమెంట్ బల్బే, ఎల్‌ఈడీ బల్బు పెడితే పనిజెయ్యది. చార్జర్లు, ఎల్‌ఈడీ బల్బు డ్రైవర్లకు 60 వాట్లు, టీవీకి 100, పెద్ద ఆంప్లిఫయర్‌కు 200. కిరాణా దుకాణంల ఇప్పుడు ఇవి దొరుకుడు కష్టమైంది, కోళ్ళ ఫారం సామాన్లు అమ్మే దుకాణంల అడుగు, కోడిపిల్లలకు వేడి కోసం అక్కడ పెడుతుంటరు. ఇంకో మాట, సిరీస్ బోర్డు సెట్‌ను కాపాడతది గాని నిన్ను కాదు. లోడ్ లేనప్పుడు సాకెట్ల పూర్తి 230 వోల్టులే ఉంటది, చెయ్యి పెడితే కొట్టుడు కొట్టుడే.

దీని తర్వాత మీటరు. మూడు నాలుగు వందల పసుపు మీటరు బ్యాటరీలు, డయోడ్లు చూసుకునేందుకు ఫర్వాలేదు, కరెంటు మీద మాత్రం పెట్టకు. దాని 10 ఆంపియర్ల రంధ్రం పక్కన చిన్నక్షరాలతోటి "అన్‌ఫ్యూజ్డ్" అని రాసి ఉంటది చూడు, అంటే లోపల ఫ్యూజు లేదు. ఆంపియర్లు చూసి ప్రోబ్ అక్కడనే మర్చిపోయి మెయిన్స్‌ల పెట్టినవంటే సీదా షార్ట్. క్యాట్ 3, 600 వోల్టులు అని రాసి (మెయిన్స్ మీద వాడేటందుకు ఇచ్చే భద్రత గుర్తు అది), కరెంటు కొలిచే రెండు రంధ్రాలకూ ఫ్యూజు ఉన్నది తీసుకో, వెయ్యి, రెండు వేల మధ్యల వస్తది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 60/40 సీసం తీగ, డీసోల్డర్ విక్ (పాత సోల్డరును పీల్చే రాగి అల్లిక) తీసుకున్నా ఇంకా పైసలు మిగులుతయి. పైపులు, రేకులు అతికేటందుకు వాడే యాసిడ్ ఫ్లక్స్ బోర్డు మీద వాడకు, నెల తిరిగేసరికి ట్రాకులు తినేస్తది.

టేబుల్ కొత్తది కొనకు. ఇంట్ల షాబాద్ బండ అరుగు ఉంటే బ్రహ్మాండం, నిప్పుకు భయం లేదు, కదలది. టీవీ ప్యానెల్ మాత్రం దాని మీద ఒట్టిగ పెట్టొద్దు, మందం దుప్పటి పరువు. కాళ్ళ కింద రబ్బరు మ్యాట్ ఉండాలె, చెప్పులు లేకుండ కూసోవద్దు.

మర్చిపోతనేమో, మెయిన్ కెపాసిటర్ల ప్లగ్గు పీకినంక కూడా 325 వోల్టులు ఉండచ్చు, 230ని 1.414 తోటి గుణిస్తే వచ్చే లెక్క అది. పీఎఫ్‌సీ (లోపల వోల్టేజి పెంచే సర్క్యూట్) ఉన్న పెద్ద టీవీలల్ల 380 నుంచి 400 దాక ఉంటది. స్క్రూడ్రైవర్‌తోటి షార్ట్ చేసుడు మన దిక్కు అలవాటు, అది వద్దు. 2.2 కిలో ఓమ్స్, 10 వాట్ల రెసిస్టర్‌కు రెండు ఇన్సులేషన్ తీగలు అతికి, ఐదారు సెకన్లు పట్టి, మీటరుతోటి సున్నా చూసి అప్పుడు చెయ్యి పెట్టు.

ప్రశ్న: మాది కల్వకుర్తి దిక్కు. ఇల్లు రాతి గుట్ట మీద ఉన్నది, రెండడుగులు తవ్వితే బండనే. ఎర్తింగ్ గుంత తీసినం గాని ఎండాకాలం సెట్ బాడీ ముట్టుకుంటే జివ్వుమంటది. మీటరుతోటి ఫేజ్‌కు ఎర్త్‌కు చూస్తే 230 బరాబర్ వస్తుంది. అంటే ఎర్త్ బాగున్నట్టే కదా?

జవాబు: కాదన్నా. డిజిటల్ మీటరు లోపల దాదాపు 10 మెగా ఓమ్స్ ఉంటయి, నీ ఎర్త్ 10 కిలో ఓమ్స్ ఉన్నా సుత అది 230 అనే చూపిస్తది. మీటరు అబద్ధం చెప్తలేదు, నువ్వు అడిగిన ప్రశ్న చిన్నది. అసలు రెసిస్టెన్స్ తెలవాలంటే ఎర్త్ టెస్టర్ కావాలె, అది ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించుకో. బల్బు ఒక దిక్కు ఫేజ్‌కు, ఒక దిక్కు ఎర్త్‌కు పెట్టి చూడమని ఎవలన్న చెప్తే ఇనకు, ఎర్త్ బాగలేకుంటే ఇంట్ల అన్ని సామాన్ల బాడీలకు కరెంట్ ఎక్కుతది.

మన నల్గొండ, పాలమూరు జిల్లాలల్ల కింద గ్రానైట్, మీద మొరం, వర్షాలు పోయినంక తడే ఉండది. గుంతల బొగ్గు, ఉప్పు ఏసి జీఐ పైపు దించి, ఎండాకాలం అప్పుడప్పుడు బిందెడు నీళ్ళు పోసుడు తప్పది. ఎంత చేసినా ఎర్త్ 100 ఓమ్స్ దగ్గర్నే ఆగిందనుకో, లెక్క చూడు: సెట్ బాడీకి ఫేజ్ తగిలితే 230ని 100 తోటి భాగిస్తే 2.3 ఆంపియర్లే పారుతది, 16 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని పట్టించుకోనే పట్టించుకోదు, బాడీ అట్లనే కరెంటు మీద ఉంటది. అదే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు బయటికి లీకైతే ఆపేసే స్విచ్) ఉంటే టక్కుమని పడిపోతది, దానికి ఎర్త్ మరీ పక్కాగా ఉండనక్కర్లేదు. బండ మీద ఉన్నోళ్ళకు అందుకే ఆర్‌సీసీబీ ఇంకా ముఖ్యం. నెలకోసారి దాని మీద టెస్ట్ బటన్ నొక్కు. ఫేజు, న్యూట్రల్ రెండూ రెండు చేతులతోటి పట్టుకుంటే మాత్రం అది కూడా కాపాడది.

జివ్వుమనుడు అన్ని సార్లు లీకేజీ కాదు, ఎస్ఎంపీఎస్‌ల (సెట్ లోపలి పవర్ సప్లై) ఫిల్టర్ కెపాసిటర్లు కొంత కరెంటు బాడీకి పంపుతయి, ఎర్త్ లేకుంటే అది మనకు తెలుస్తది. ఎర్త్ సరిగ పడితే పోతది.

ప్రశ్న: నమస్తే సర్. వనపర్తి నుంచి రాస్తున్న. మా కొడుకు పాలిటెక్నిక్ చదువుతుండు, పడకగదిలనే టేబుల్ పెట్టి రాత్రిళ్ళు సోల్డరింగ్ చేస్తడు, ఒకటే పొగ. పాత ఫోన్ బ్యాటరీలు డబ్బ నిండ పెట్టుకున్నడు. వద్దంటే మొండికేస్తడు. ఏం చెయ్యాలె?

జవాబు: వద్దనకమ్మా, రూము మార్పియ్యి. పడుకునే తావుల సీసం, రోజిన్ పొగ మంచిది కాదు, కిటికీ ఉన్న వరండానో వెనక గదో ఇయ్యి, టేబుల్ దగ్గర ఒక చిన్న ఫ్యాను పొగను బయటికి లాగేటట్టు పెట్టుకొమ్మను. చేతులు సబ్బుతోటి కడుక్కోకుండ అన్నం ముద్ద ముట్టనియ్యకు. టేబుల్‌కు పోయే కరెంటుకు తలుపు దగ్గర్నే ఒక స్విచ్ పెట్టియ్యి, ఇంట్ల అందరికీ అది తెలవాలె, పిల్లగానికి షాక్ కొడితే ముందు ఆయన్ని పట్టుకునుడు కాదు, ఆ స్విచ్ ఆపుడు.

బ్యాటరీల డబ్బ మాత్రం ఈ రోజే బయటికి. ఉబ్బినవాటిని పొడవకుండ, వంచకుండ పాత మట్టికుండల ఇసుకేసి పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునేటోళ్ళకు అప్పజెప్పుండ్రి.

ప్రశ్న: మిర్యాలగూడలో చిన్న దుకాణం ఉన్నది. పాత 20 మెగాహెర్ట్‌జ్ సీఆర్ఓ (పాత రకం స్కోపు) ఒకటి తక్కువకు వస్తున్నది. తీసుకోవాల్నా? ఎస్ఎంపీఎస్ మీద పెట్టాలంటే ఎర్త్ పిన్ను తీసేయాలంటున్నరు.

జవాబు: ఆడియో పనికి, ఆసిలేటర్లు చూసుకునేందుకు 20 మెగాహెర్ట్‌జ్ మస్తు, ట్రేసు స్పష్టంగ ఉంటే తీసుకో. ఎర్త్ పిన్ను మాత్రం తీసెయ్యకు, తీస్తే స్కోపు ఇనుప డబ్బా మొత్తం హాట్ గ్రౌండ్ అయి, అంటే కరెంటు ఎక్కి కూసుంటది. అట్లని పిన్ను ఉంచి ప్రోబ్ క్లిప్పు ప్రైమరీ గ్రౌండ్‌కు పెడితే ఠప్పుమంటది, ఎందుకంటే ఆ క్లిప్పు లోపలి నుంచి ఎర్త్‌కే అతికి ఉంటది. సెట్‌ను ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (కరెంటును ఎర్త్ నుంచి విడదీసే ట్రాన్స్‌ఫార్మర్) మీద పెట్టు, స్కోపును కాదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత ఆర్‌సీసీబీ పనిజెయ్యదని గుర్తుంచుకో, ఒక చెయ్యి జేబుల పెట్టుకొని పని చెయ్యి.

ప్రశ్న: జడ్చర్ల. బెంచ్ పవర్ సప్లై కొనే తాహతు లేదు, పాత కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ వాడచ్చా? పార్టులు యాడ కొనాలె?

జవాబు: వాడచ్చు. ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపితే ఆన్ అయితది. పసుపు 12, ఎరుపు 5, నారింజ 3.3 వోల్టులు. తక్లీఫ్ ఏందంటే దాన్ల కరెంట్ లిమిట్ తిప్పుకునే నాబ్ ఉండది, 12 వోల్టుల లైను పదిహేను ఆంపియర్లు ఇచ్చిందంటే నీ బోర్డు ట్రాకులు పొగలు కక్కుతయి. పసుపు తీగకు సిరీస్‌ల బండి ఇండికేటర్‌కు వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బు పెట్టు, ఎంత షార్ట్ అయినా 1.75 ఆంపియర్లకు మించి పోదు, బల్బు వెలిగితే తప్పు ఉన్నట్టు. పార్టులకు హైదరాబాద్ కోఠిల గుజరాతీ గల్లీ ఉన్నది, పొయ్యే ముందు లిస్టు రాసుకొని ఫ్యూజులు, 1ఎన్4007 డయోడ్లు, 400 వోల్టుల కెపాసిటర్లు డజన్ల లెక్కన తెచ్చుకో. మిగిలింది పాత సెట్ టాప్ బాక్సుల్లోంచి పీకు.