జర్మనీలో చదువు, నెలకు 992 యూరోలు: మేనల్లుడికి మామయ్య రాసిన లెక్క

చిన్నా,

మాగ్డెబుర్గ్‌లో సీటు వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. చదువు సంగతి నువ్వు చూసుకుంటావు, డబ్బు సంగతి నేను రాస్తాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదువు.

బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ఏడాది ఖర్చు ముందే వేసి నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో, మీ నాన్న వేసే 11,904 యూరోలు నెలకు 992 చొప్పున నీకు వస్తాయి. అక్కడికి వెళ్లిన మన పిల్లల్లో చాలామంది దాన్ని జీతంలా చూసి, అద్దె పోగా మిగిలిందంతా ఖర్చుకే అనుకుంటారు. నెల లెక్కకు ఇబ్బందేమీ కనిపించదు. ఏడాది లెక్కకు వచ్చేసరికి చేతులెత్తేస్తారు. ఎందుకంటే అక్కడ నడుం విరిచే ఖర్చులు నెలనెలా రావు. మూడు నెలలకో, ఆరు నెలలకో, ఏడాదికో ఒక్కసారి వచ్చి పడతాయి. అందుకే బడ్జెట్ ఏడాదికి వేసుకుని, దాన్ని పన్నెండుతో భాగించు.

దిగిన వెంటనే ఆ 992 రాదని కూడా గుర్తుంచుకో. గదిలో చేరిన రెండు వారాల్లోపు, ఇంటి యజమాని ఇచ్చే ధ్రువపత్రంతో ఆ ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్నే ఆన్మెల్డుంగ్ అంటారు. తర్వాత కరెంట్ అకౌంట్ తెరిచి, దాని నంబరు బ్లాక్డ్ అకౌంట్ వాళ్లకు పంపితేనే డబ్బు కదులుతుంది. అక్టోబరులో అందరూ ఒకేసారి దిగుతారు కాబట్టి అపాయింట్‌మెంట్లు త్వరగా దొరకవు, నెల పట్టినా పడుతుంది. ఈలోపే అద్దె, డిపాజిట్ కట్టాలి. డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటె దాకా అడగొచ్చు. కాల్ట్‌మీటె అంటే హీటింగూ నీళ్లూ కలపని వట్టి అద్దె. దాన్ని మూడు నెల వాయిదాల్లో కట్టే హక్కు నీకు చట్టమే ఇచ్చింది, మొహమాటపడకుండా అడుగు. ఫారెక్స్ కార్డులో విడిగా 1,500 యూరోలు ఉంచుకుని బయల్దేరు. "నేను వేరే దేశంలో ఉన్నాను, డిపాజిట్ పంపు, తాళాలు పోస్టులో వస్తాయి" అనేవాళ్లకు మాత్రం ఒక్క యూరో కూడా పంపకు. అది పక్కా మోసం.

ఇక లెక్క. స్టూడెంట్ హాస్టల్లో గది హీటింగ్‌తో సహా 350 అనుకో. హెల్త్ ఇన్సూరెన్స్ 150కి అటూ ఇటూ, తిండికి 180, ఫోన్‌కు 10, రేడియో-టీవీ రుసుము 18.36. అంతా కలిపి సుమారు 708. ఆ టీవీ రుసుము టీవీ లేకపోయినా కట్టాల్సిందే, మూడు నెలలది కలిపి 55.08 అడుగుతారు. ఇంటికి ఒక్కటే కాబట్టి ఫ్లాట్ పంచుకుంటే అందరూ కలిసి కట్టొచ్చు.

మిగిలిన 284లో 110 ముందే వేరే ఖాతాలోకి వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఆర్డర్ పెట్టు. యూనివర్సిటీని బట్టి 100 నుంచి 400 దాకా ఉండే సెమెస్టర్ ఫీజు, రెసిడెన్స్ పర్మిట్‌కు 100 దాకా, చలికోటు, బూట్లు, అద్దెలో కట్టినదానికంటే హీటింగ్ ఎక్కువ వాడితే ఏడాది చివర వచ్చే బాకీ, అన్నీ అందులోంచే. ఇంకో 110 రెండో ఏడాదికి దాచు. చేతి ఖర్చుకు 64 మిగులుతుంది. తక్కువే, కానీ సెమెస్టర్ ఫీజులోనే రైలు, బస్సు టికెట్ కలిసి ఉంటే తిరుగుడుకు వేరే ఖర్చుండదు. నీ యూనివర్సిటీలో అది ఉందో లేదో ఇప్పుడే కనుక్కో. లేకపోతే దేశమంతా లోకల్ రైళ్లకూ బస్సులకూ చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ నెలకు 63. టికెట్ లేకుండా ఎక్కి దొరికితే జరిమానా 60. మ్యూనిక్ వెళ్లే నీ స్నేహితుడికి ఈ లెక్క పనికిరాదు. అక్కడ బయట గది ఒక్కటే 700 దాటొచ్చు.

ఇన్సూరెన్స్ దగ్గర కక్కుర్తి వద్దు. 30 ఏళ్లలోపు విద్యార్థికి ప్రభుత్వ చట్టం కిందున్న ఇన్సూరెన్సే సరైనది. చవగ్గా వస్తుందని ప్రైవేటుకు మారి మినహాయింపు తీసుకుంటే, ఆ చదువు అయ్యేదాకా వెనక్కి రాలేవు. మొదటి బిల్లు ఒకేసారి రెండు నెలలది రావొచ్చు.

తిండికి 180 సరిపోవాలంటే వండుకోవాలి. మెన్సాలో, అంటే యూనివర్సిటీ క్యాంటీన్లో, మధ్యాహ్న భోజనం 3 నుంచి 5 యూరోలు. క్లాసులున్న రోజున అక్కడ తిను, రాత్రికి గదిలో వండుకో. సోనా మసూరి ఇండియన్ షాపులో పెద్ద బస్తా కొని నలుగురు పంచుకోండి. కందిపప్పు అక్కడ ప్రియం, ఎర్ర మసూర్ పప్పు ఏ సూపర్‌మార్కెట్లోనైనా దొరుకుతుంది, త్వరగా ఉడుకుతుంది కూడా. ఉల్లిపాయలు, కొత్తిమీర టర్కీ వాళ్ల కొట్లో తీసుకో. సరుకులు శనివారమే తెచ్చుకో, ఆదివారం కొట్లు మూసేస్తారు. ఆ రోజు స్టేషన్లో కొంటే ధర వాచిపోతుంది. కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. కూల్‌డ్రింక్ కొంటే ఖాళీ సీసా తిరిగి మెషీన్లో వేయి, ఒక్కోదానికి 25 సెంట్ల దాకా వస్తాయి.

ఇంటి నుంచి మూడు లీటర్ల కుక్కరు, చింతపండు, కారప్పొడులు, ఇంగువ తీసుకెళ్లు. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి వద్దని అమ్మమ్మకు చెప్పు. పాల, మాంసపు వస్తువులు బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేకూడదు, ఎయిర్‌పోర్టులో పారేస్తారు.

ఫోన్‌కు 24 నెలల కాంట్రాక్టు తీసుకోకు, ప్రీపెయిడ్ చాలు. అయితే అది 28 రోజులకే అయిపోతుంది, ఏడాదికి 13 సార్లు కడతావు. జిమ్ముల్లాంటివీ అంతే, సంతకం పెట్టేముందు ఎన్ని నెలలకు కట్టుబడుతున్నావో చూడు.

మొదటి సెమెస్టర్లో పార్ట్‌టైమ్ ఆదాయాన్ని లెక్కలో రాయకు. భాష రానిదే పని దొరకడం ఆలస్యం. దొరికాక మినీజాబ్‌లో, అంటే జీతానికి పరిమితి ఉన్న చిన్న పార్ట్‌టైమ్ పనిలో, నెలకు 603 దాకా సంపాదించొచ్చు. కనీస వేతనం గంటకు 13.90 కాబట్టి వారానికి పది గంటల పని. ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులే పనిచేయాలి, లెక్క నువ్వే రాసిపెట్టుకో. యూనివర్సిటీలో అసిస్టెంట్ పని ఆ రోజుల్లోకి రాదు, దానికే ముందు ప్రయత్నించు. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు దాటితే విద్యార్థి ఇన్సూరెన్స్ రేటు పోతుంది.

పర్మిట్ పొడిగించుకునేటప్పుడు మళ్లీ డబ్బు చూపించాలి. ఆ నెలలో పదిమంది దగ్గర అప్పు తెచ్చి ఖాతా నింపి, మర్నాడే తిరిగిచ్చే పిల్లలున్నారు. అది చూపే డబ్బే తప్ప బతికే డబ్బు కాదు. గడువుకు మూడు నెలల ముందు పే స్లిప్పులు, దాచిన డబ్బు స్టేట్‌మెంటు తీసి, ఎంత తక్కువైందో నాన్నకు చెప్పు. చదువుకు లోను తీసుకుని ఉంటే, తర్వాతి విడత విడుదల చేయడానికి ఇక్కడి బ్యాంకు మార్కుల జాబితా, ఫీజు రసీదు అడుగుతుంది, ఆ కాగితాలకే వారాలు పడతాయి.

ఆశీస్సులతో,
మామయ్య