ట్రిమ్ పైకి లేవకపోతే మోటారే పోయినట్టా?

ప్రశ్న: మైలవరం జలాశయంలో తిప్పే చిన్న ఫైబర్ పడవ ఉంది మాకు. వెనక తగిలించిన అవుట్‌బోర్డ్ ఇంజిన్‌ను లేపి దించడానికి పవర్ ట్రిమ్ అనే ఏర్పాటుంది. దాని బటన్ కిందికి నొక్కితే ఇంజిన్ దిగుతోంది. పైకి నొక్కితే టక్కుమని శబ్దం వస్తుంది, అంతే. ట్రిమ్ మోటారు మార్చాలని మెకానిక్ అంటున్నాడు. మార్చాల్సిందేనా?
- ఒక పాఠకుడు, జమ్మలమడుగు

జవాబు: అప్పుడే డబ్బు తీయకండి. ఆ టక్కుమన్న శబ్దం రిలేది, అంటే బటన్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో మోటారుకు పెద్ద కరెంటు కలిపే స్విచ్‌ది. అది మోగిందంటే బటన్, అక్కడి నుంచి రిలేకు వచ్చే సన్న వైరు బాగానే ఉన్నట్టు. తేడా ఆ తర్వాతే ఉంది.

ముందు ట్రిమ్ మోటారుకు వెళ్లే వైర్లు లెక్కపెట్టండి. నీలం, ఆకుపచ్చ రెండే ఉంటే, కరెంటు దిశ మారితే మోటారు అటూ ఇటూ తిరిగే రకం. ఒకవైపు బాగా తిరిగిందంటే మోటారు మీద అనుమానం చాలావరకు పోయినట్టే. నలుపుతో కలిపి మూడుంటే మాత్రం మోటారు లోపల పైకి, కిందికి వేర్వేరు తీగ చుట్టలుంటాయి. వాటిలో ఒకటి తెగిపోయి ఉండొచ్చు, మీ మెకానిక్ మాట నిజం కావచ్చు.

రెండు వైర్ల రకమైతే పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. పైకి, కిందికి పనిచేసే రిలేలు సాధారణంగా ఒకే రకంవి. ఊడదీసి పెట్టేలా ఉంటే, బ్యాటరీ వైరు తప్పించి, ఒకదాని చోట ఇంకొకటి పెట్టండి. ఇప్పుడు పైకి లేస్తూ కిందికి దిగకపోతే దొంగ దొరికినట్టే. రిలే మార్చుకుంటే చాలు.

మార్చినా పైకే లేవకపోతే? దిగేటప్పుడు ఇంజిన్ బరువే మోటారుకు సాయం చేస్తుంది. లేపడానికి చాలా ఎక్కువ కరెంటు కావాలి. అందుకే బ్యాటరీ నీరసించినా, ఎర్త్ వైరు చివర చిలుము పట్టినా ముందు మొరాయించేది పైకి లేవడమే. పడవ నెలల తరబడి ఒడ్డున ఉండిపోతే ఈ జబ్బు మామూలే.

ఇక్కడే మల్టీమీటర్ మనల్ని మోసం చేస్తుంది. వైరులో ఒక్క పోగు మిగిలినా, లోడ్ లేనప్పుడు 12 వోల్టులు చూపిస్తుంది. కాబట్టి ఇంకొకరిని బటన్ నొక్కి పట్టుకోమని, అదే సమయంలో మోటారు దగ్గర కొలవండి. బ్యాటరీ దగ్గర 12 ఉండి మోటారు దగ్గర 8 వస్తే, మధ్యలో ఏదో కనెక్షన్ మింగేస్తోంది. మీటరు ఒక కొన బ్యాటరీ మైనస్‌కు, రెండోది ఇంజిన్ బాడీకి పెట్టి, అలాగే బటన్ నొక్కి ఉంచి చూడండి. అర వోల్టు దాటితే ఎర్త్ వైరు విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, గట్టిగా బిగించండి. బ్యాటరీ దగ్గరే 12 నుంచి బాగా పడిపోతుంటే మాత్రం చార్జింగ్ పెట్టి మళ్లీ చూడండి.

ఈ పనులప్పుడు లేపి ఉంచిన ఇంజిన్ కింద చెయ్యి పెట్టకండి. అది కిందికి జారకుండా పట్టే టిల్ట్ లాక్ వేయండి. పెట్రోల్ వాసన వస్తుంటే ఏ వైరూ ముట్టుకోకండి.

నీళ్ల మధ్యలో ఇలా జరిగితే టెన్షన్ పడక్కర్లేదు. ఇంజిన్ ఆపి, బ్రాకెట్ పక్కనున్న రిలీజ్ స్క్రూను మాన్యువల్‌లో చెప్పినంతే వదులు చేసి, చేత్తో లేపి లాక్ వేసుకోవచ్చు. అలా లేపాక ఒడ్డుకు తెడ్డుతో రావాల్సిందే.

ప్రశ్న: ఇంజిన్ ఎంత లేచిందో చూపే ట్రిమ్ మీటర్ ముల్లు కదలడం లేదు. ఇంజిన్ మాత్రం లేస్తోంది, దిగుతోంది.
- ఇంకో పాఠకుడు, కడప

జవాబు: మీటర్‌కు కొలత పంపే సెన్సర్ దారి వేరు, మోటారు దారి వేరు. ఇంజిన్ బ్రాకెట్ దగ్గరున్న ఆ సెన్సర్ వైరు, కనెక్టర్ చూడండి. తొందరేమీ లేదు, ముల్లు లేకపోయినా పడవ నడుస్తుంది.